పుదీనా షేకులో ఆఖరి వాటా

గ్రిగోరియా మొండిది. ఊళ్ళో ఎవర్ని అడిగినా ఆ మాటే చెబుతారు, ఆవిణ్ణే అడిగితే ఇంకాస్త గట్టిగా చెబుతుంది. ఆ బరూనా ఊళ్ళో వాన అనేది కబుర్లలో తప్ప కనిపించని ఏళ్ళలో కూడా, స్నానం చేసిన నీళ్ళు బకెట్లతో మోసి పెరట్లో పుదీనా మడిని బతికించిన మనిషి. మేకలు మేస్తే మళ్ళీ నాటింది, మిడతలు కొరికితే మళ్ళీ నాటింది. అలాంటి మనిషి డెబ్భై ఆరో ఏట ఒక పట్టు పట్టిందంటే దారిలోంచి తప్పుకోవడమే మేలు.

ఈసారి పట్టిన పట్టు ఏమిటంటే, క్రిస్మస్ నాడు తన మొగుడు మీనాస్ పుదీనా మిల్క్‌షేకు తాగాలి. ఎవరో చెంచాతో నోట్లో పోస్తే లెక్కలోకి రాదు. గ్లాసు చేత్తో పట్టుకుని తనంతట తను తాగాలి.

ఆగస్టులో మీనాస్‌కి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది, రెండు ముక్కలు తప్ప. ఊరి నడివీధిలో బ్లూ డాల్ఫిన్ మిల్క్ బార్ అని, పాలూ ఐస్‌క్రీమూ వేడి తిండీ అమ్మే కొట్టు ఒకటి ఆయనకుండేది. పాతికేళ్ళ వయసులో సముద్రాల అవతలి కిథెరా దీవి నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చి, ఆ కౌంటరు వెనక నిలబడ్డవాడు నిలబడ్డట్టే ముసలివాడయ్యాడు. అక్కడ రోజంతా అన్న మాట ఒకటుంది, "నెక్స్ట్ ఎవరు?" అని. కొట్టు అమ్మేశారు, అందులో ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. మాటలన్నీ పోయినా ఆ మాట మాత్రం మీనాస్ నోట్లో ఉండిపోయింది. డాక్టరొచ్చినా "నెక్స్ట్ ఎవరు?" పాదిరీ వచ్చినా "నెక్స్ట్ ఎవరు?" మంచాన పడ్డ మనిషి అలా అడిగితే చూడ్డానికొచ్చిన ముసలివాళ్ళకి గుండె ఝల్లుమనేది. పాపం, కొందరు మళ్ళీ రావడమే మానేశారు.

"అది అలవాటుకొద్దీ వచ్చే మాటమ్మా, అర్థమేమీ ఉండదు, పట్టించుకోకండి" అంది మాటలు నేర్పడానికి వచ్చే అమ్మాయి. గ్రిగోరియా పట్టించుకోలేదు. ఆవిడ బెంగ వేరే. మీనాస్ తినడంలేదు. చెంచా దగ్గరికి తెస్తే పెదవులు బిగించి గోడ వైపు తిరిగేవాడు. మింగలేక కాదు. చిక్కటివి బాగానే మింగగలడని నర్సు పరీక్ష చేసి మరీ చెప్పింది, పల్చటివి పొరపోకుండా కలపడానికి ఒక పొడి కూడా ఇచ్చింది. మింగగలడు, మింగడు, అంతే. బలవంతాన నాలుగు చెంచాలు లోపలికి పోతే ఆ పూట ఇంట్లో పండగ. మనిషి కుర్చీలో ఆరేసిన చొక్కాలా అయ్యాడు. కొత్త సంవత్సరం రాగానే పొట్టకి చిల్లుపెట్టి గొట్టం వేస్తామని పెద్దాసుపత్రిలో చెప్పేశారు.

గొట్టం అన్న మాట విన్న రోజునే గ్రిగోరియా దిమ్మెల మీద నిలబెట్టిన ఇంటి కిందికి దూరి, సాలెగూళ్ళు దులిపి, పాత మిక్సరున్న పెట్టెని బయటికి ఈడ్చింది. ఆకుపచ్చ రంగేసిన బరువైన మిక్సరు, దానితోపాటు అంచులు నొక్కుకుపోయిన పొడుగాటి సత్తు గ్లాసు.

షేకే ఎందుకంటారా? వాళ్ళ చర్చి ఆచారం ప్రకారం క్రిస్మస్‌కి ముందు నలభై రోజులు పాలు, గుడ్లు, మాంసం ముట్టరు. ఊరందరికీ పాలూ ఐస్‌క్రీమూ అమ్ముకుంటూనే ఆ ఇంటిల్లిపాదీ నోరు కట్టుకునేవారు. పండగనాడు చర్చి నుంచి రెండు గంటల ప్రయాణం చేసి తిరిగొచ్చాక, కొట్టు వెనక తలుపు తీసి, కిటికీ తెరలు దించి, మీనాస్ మిక్సరు పెట్టేవాడు. పుదీనా షేకు. చుట్టుపక్కల ఊళ్ళలో కేఫులు నడిపే తమవాళ్ళంతా పిల్లాజెల్లాతో వచ్చి వరసలో నిలబడేవారు. నలభై రోజుల తర్వాత గొంతులోకి దిగే మొదటి పాలు అవే. మీనాస్ ఒక్కొక్కరికీ పోసి, "నెక్స్ట్ ఎవరు?" అంటూ చివరివాడి దాకా వచ్చి, అప్పుడు సత్తు గ్లాసు పట్టుకుని సింకు వైపు తిరిగేవాడు. ఆ పూట ఆయన మొహం చూడాలి. గ్రిగోరియాకి ఆ మొహం మళ్ళీ కావాలి. ఈ షేకు ముందు పెడితే ఆయన వద్దనలేడని ఆవిడ నమ్మకం.

ఒకటే చిక్కు. ఆ షేకు ఆవిడ జన్మలో చెయ్యలేదు. కొట్లో వంటిల్లు ఆవిడది, కౌంటరు ఆయనది. మాంసం చాప్సు, గుడ్లు, ఉల్లిపాయల వేపుడు ఆవిడ చేతిమీదుగా సాగేవి. మిక్సరు మీద ఇంకొకరి చెయ్యి పడితే మీనాస్ ఊరుకునేవాడు కాదు.

"అయితే ఏమైంది? నలభై ఏళ్ళు ఈ ఉపవాసంలో ఊరందరికీ మాంసం వండాను. ఒక్కసారైనా ఉప్పు చూశానా? ఒక్కడైనా వంక పెట్టాడా?" అంది పక్కింటి డల్సీతో.

"ఎవరూ పెట్టలేదు తల్లీ" అంది డల్సీ.

అక్కడే పొరపాటు జరిగింది. చేయి తిరిగిన వంట రుచి చూడకుండా వండొచ్చు. ఎన్నడూ చెయ్యని షేకు రుచి చూడకుండా చెయ్యడమంటే కళ్ళకు గంతలు కట్టుకుని సూదిలో దారం ఎక్కించడమే. కానీ అది ఎవరు చెబుతారావిడకి? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మొదటిసారి పెరట్లో పుదీనా దోసెడు కోసి, పంచదారతో కలిపి ఉడకబెట్టింది. కిథెరాలో పుట్టిన ఆడదానికి పుదీనా అంటే మడిలో ఉండేదే. మీనాస్ వాడింది సీసాలో వచ్చే పచ్చ పాకమన్న సంగతి ఆవిడకి తెలుసు, ఆ సీసా ఇప్పుడు ఊళ్ళో దొరకదనీ తెలుసు. ఆకు ఉడికి ఉడికి పాకం గోధుమరంగుకి తిరిగింది. పాలల్లో కలిపితే వరదొచ్చినప్పటి ఏటి నీళ్ళలా ఉంది. డల్సీ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకుని తాగింది.

"ఎలా ఉంది?"

"బ్రహ్మాండం తల్లీ."

"రంగు?"

"రంగు కూడా బ్రహ్మాండమే."

ఆ రంగు చూసి గుమ్మంలో పడుకున్న కుక్క కూడా రెండడుగులు వెనక్కేసింది. గ్రిగోరియా మర్నాడు మళ్ళీ మొదలుపెట్టింది. మరిగే నీళ్ళలో ఆకుని ఇలా ముంచి అలా తీసి, వెంటనే మంచు నీళ్ళలో పడేసి, పిండి, పాకంతో నూరి వడకడితే పచ్చదనం నిలుస్తుందని తన చేతులతో తనే కనుక్కుంది. ఈసారి పాకం చిలక రెక్కలా వచ్చింది. దాన్ని చూసి ఒక్కతే నవ్వుకుంది, చేతులు నొప్పెట్టినా.

వాసన మాత్రం చాల్లేదు. నాలుక మీద వేసుకోకూడదు గనక ముక్కుతోనే కొలత పెట్టింది. మంచులాంటి పాలల్లోంచి వాసన ఎంతని వస్తుంది? రాలేదని ఇంకాస్త పాకం పోసింది. మళ్ళీ వాసన చూసింది, మళ్ళీ పోసింది. కాసింత మాల్టు పొడి, నాలుగు ముద్దలు ఐస్‌క్రీము, నర్సు ఇచ్చిన చిక్కదనం పొడి వేసి మిక్సరు తిప్పింది. పక్కగదిలో మీనాస్ కుర్చీలో కూర్చుని ఆ మోత వింటూ ఉండేవాడు. ఏమనుకునేవాడో ఆ దేవుడికే ఎరుక.

డల్సీ పదిరోజుల్లో గౌను బొత్తాలు పట్టనంత ఒళ్ళు చేసి, ఒకరోజు మొగుణ్ణి సాయం తెచ్చుకుంది. మెర్వ్ ఒకప్పుడు గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు. ఆ ఊళ్ళో ఎవరి పేరైనా పూర్తిగా పలకడానికి బద్ధకం, అతనికి మరీను.

"ఏదీ, ఇలా పట్రా గ్రిగ్గీ" అని గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, ఆగి, మీసం తుడుచుకున్నాడు. "టూత్‌పేస్టు."

"మెర్వ్!" అంది డల్సీ.

"ఏం? అడిగింది, చెప్పాను. పొద్దున పళ్ళు తోముకున్నాను, మళ్ళీ తోముకున్నట్టైంది."

డల్సీ అతని కాలు తొక్కింది. "వాడికేం తెలుసు తల్లీ, గొర్రె ఉన్ని నోట్లో పడి పడి నాలుక మొద్దుబారింది. బ్రహ్మాండంగా ఉంది."

గ్రిగోరియా ఇద్దరి మొహాలూ చూసి డల్సీ మాటే నమ్మింది. మనం కూడా అలాగే నమ్మేవాళ్ళం.

పండక్కి రెండురోజుల ముందు కూతురు ఆంథీ పట్నం నుంచి కారేసుకుని వచ్చింది. తండ్రిని చూసి, వంటింట్లోకొచ్చి, సామాను కింద పెట్టకుండానే ఏడ్చింది.

"అమ్మా, నాన్న సగమైపోయాడు. నువ్వేమో ఇక్కడ షేకులు చేసుకుంటున్నావా? గొట్టం రేపే వేయిద్దాం. పండగ దాకా ఎందుకు?"

"డాక్టరు కొత్త సంవత్సరం అన్నాడు. అప్పటిదాకా నాది."

"ఒక మిల్క్‌షేకు మీద మనిషి ప్రాణం పెడతారా ఎవరైనా?"

"ఆయన గోడ వైపు తిరిగి పడుకోవడం నీకు కనబడుతోందా? గొట్టం వేస్తే కడుపు నిండుతుంది. మరి ఆ మొహం ఇటు తిరుగుతుందా? అది చెప్పు."

ఆంథీ వేలితో పాకం తీసుకుని తల్లి మొహం ముందు పెట్టింది. "పోనీ, నువ్వు ఒక్కసారి రుచి చూడు. ఇందులో పాలు కూడా లేవు."

"పాలల్లో కలిశాక కదా రుచి తెలియాల్సింది? పాలల్లో వేసి చూడమంటావు తర్వాత. నీ ఎత్తులు నాకు తెలీవా?"

"దేవుడేం చూస్తూ కూర్చోడమ్మా."

"ఆయన చూడకపోతే పోనీ, నేను చూస్తాను."

క్రిస్మస్ నడివేసవిలో వచ్చే దేశం, ఆ రోజు తెల్లారేసరికే గాలి వేడెక్కింది. తెరలు దించేసి, పంకా తిప్పి, ఆరాధన ఫోనులో పెట్టుకుని విన్నారు. ముగిశాక "క్రీస్తు పుట్టాడు" అని తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు ముద్దుపెట్టుకున్నారు. మీనాస్ నుదుటి మీద గ్రిగోరియా రెండు ముద్దులు పెట్టింది. ఆయన "నెక్స్ట్ ఎవరు?" అన్నాడు. డల్సీ, మెర్వ్ వచ్చారు. మెర్వ్ నిక్కరు మీద ఇస్త్రీ చొక్కా, నెత్తిన, చెరో కొసా పట్టి లాగితే పేలే పండగ కాగితపు టపాకాయలోంచి వచ్చిన కాగితం కిరీటం.

గ్రిగోరియా మీనాస్ కుర్చీని వంటింటి బల్ల దగ్గరికి తోసింది. ఉతికిన తెల్ల గుడ్డ పరిచింది. ఐదు గాజు గ్లాసులు వరసగా పెట్టింది. సగం గడ్డకట్టిన పాలు, ఐస్‌క్రీము, పాకం, పొడులు సత్తు గ్లాసులో పడ్డాయి. మిక్సరు రొదపెట్టింది. గ్లాసు బయట చెమట పట్టి, అది తెల్లగా మంచు కట్టింది. ఉన్నట్టుండి మోత బొంగురుపోయింది. మీనాస్ ఎడమచేతి బొటనవేలు, ఇక చాలన్నట్టు, కుర్చీ మీద ఒక్కసారి తట్టింది. గ్రిగోరియా అది చూసి టక్కున గ్లాసు దించింది.

మొదటి గ్లాసు నిండా పోసి, పైన పుదీనా రెమ్మ గుచ్చి, రెండు చేతులతో ఆయన ముందుకు తెచ్చింది.

"ఇదిగో. మొదటిది నీకే. నీ చేత్తో పట్టుకో."

మీనాస్ గ్లాసు వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. పెదవులు బిగించి గోడ వైపు తిరిగాడు. "నెక్స్ట్ ఎవరు?"

"ఒక్క గుక్క. పండగ పూట."

"నెక్స్ట్ ఎవరు?"

"నాన్నా, అమ్మ ఎంత కష్టపడి..." అంటూ ఆంథీ ముందుకొచ్చింది.

"నెక్స్ట్ ఎవరు?" అన్నాడు మీనాస్ గోడతో.

గ్రిగోరియాకి ఒళ్ళు మండిపోయింది. ఆగస్టు నుంచీ అదిమిపెట్టినదంతా ఒక్కసారి పైకి వచ్చింది.

"నెక్స్ట్ ఎవరా? నేను! నేనే నెక్స్టు! వారం పోతే నీ పొట్టకి చిల్లు పెడతారు, తెలుసా నీకు? ఈ నడుముతో ఒంగి ఒంగి ఆకు కోశాను, నూరాను, వడకట్టాను, ఊరందరిచేతా తాగించి చచ్చాను. ఇన్నేళ్ళ కాపురంలో నిన్ను ఏమడిగాను మహానుభావా? మొహం ఇటు తిప్పమన్నాను. అంతేగా? తాగవూ? తాగకు! నేనే తాగుతాను!"

అని గ్లాసెత్తి గడగడా తాగేసింది. నలభై రోజుల తర్వాత గొంతులోకి దిగిన పాలు. సగంలో పుదీనా ముక్కులోంచి మాడుకెక్కి కళ్ళమ్మట నీళ్ళు తెప్పించింది. ఆ మంట ఎక్కడిదో ఆ క్షణాన ఆవిడకి తెలియలేదు, తెలుసుకునే స్థితిలోనూ లేదు. ఖాళీ గ్లాసు ఠపీమని పెట్టి మరో మూడింట్లోకి పోసింది.

"ఏం చూస్తున్నారు? మీరూ తాగండి!"

ఆ గొంతు విన్నాక కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఆంథీ తాగింది. డల్సీ తాగింది. మెర్వ్ కాగితం కిరీటం తీసి చేత్తో పట్టుకుని, కషాయం తాగే పిల్లాడిలా తాగాడు.

మీనాస్ మెల్లగా గోడ వైపు నుంచి మొహం తిప్పాడు. ఆంథీ చేతిలో ఖాళీ గ్లాసు చూశాడు. డల్సీది చూశాడు, మెర్వ్‌ది చూశాడు. పెళ్ళాం పై పెదవి మీద పచ్చటి మీసం చూశాడు.

"నెక్స్ట్ ఎవరు?" అన్నాడు నెమ్మదిగా, అందర్నీ కలిపి అడుగుతున్నట్టు.

తాగనివాళ్ళు ఎవరూ మిగల్లేదు.

అప్పుడాయన ఎడమచెయ్యి కుర్చీ మీంచి లేచింది. బల్ల మీదికి వచ్చింది. ఖాళీగా ఉన్న ఐదో గాజు గ్లాసుని దాటిపోయి, అడుగున కాస్త షేకు మిగిలిన సత్తు గ్లాసు దగ్గర ఆగింది.

గ్రిగోరియా ఆ చెయ్యి ఆగినచోటే చూసింది. ఎన్ని క్రిస్మస్‌లు చూసింది! అందరికీ పోశాక సత్తు గ్లాసు పట్టుకుని సింకు వైపు తిరిగేవాడు, కడగడానికే అనుకుంది. కాదు, తాగడానికి. అడుగున మిగిలింది, అందరి తర్వాత, నిలబడి, ఎవరూ చూడకుండా. కౌంటరు వెనక ఉన్నన్నాళ్ళూ ముందున్న మనిషి దాహం తీరకుండా తను గుక్కెడు తాగి ఎరగడు. అలాంటివాడికి మూడుపూటలా మొదటి చెంచా తీసుకొచ్చి నోటి దగ్గర పెట్టారు, ఇంట్లో ఇంకెవరూ తినకుండానే. ఆయన అడుగుతూనే ఉన్నాడు, మీరు తిన్నారా, ఇంకా ఎవరున్నారు అని. ఇన్ని నెలలు అడిగాడు. ఒక్కరూ జవాబు చెప్పలేదు. తనూ చెప్పలేదు.

"అందరూ అయ్యారు మీనాస్" అంది. "నేను కూడా తాగాను. ఇంకెవరూ లేరు. ఇక నువ్వే."

ఆయన గ్లాసు పట్టుకున్నాడు. అది ఊగింది. ఆంథీ చెయ్యి అడ్డం పెట్టబోతే "ముట్టుకోకు!" అని తల్లి కసిరింది. నర్సు నేర్పినట్టు గడ్డం వంచి, ఒక గుక్క. ఆగాడు. మింగాడు. ఇంకో గుక్క. చివర్లో గ్లాసు బాగా ఎత్తి, అడుగుని వేలితో రెండుసార్లు తట్టి, అంటుకున్నది కూడా జారేదాకా చూసి బల్ల మీద పెట్టాడు. చొక్కా మీద పడింది కొంత. పడితే పడింది.

ఆపైన మొహం చిట్లించాడు. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. అందరూ ఆ పాత మాటకే ఎదురుచూశారు.

"ఎక్కు... ఎక్కువ" అన్నాడు.

"ఏంటి నాన్నా? ఏం ఎక్కువ?"

"పుదీనా."

"చెప్పానా!" అని మెర్వ్ గంతేశాడు. "చెప్పానా లేదా? టూత్‌పేస్టు!" డల్సీ ఈసారి కాలు తొక్కడం కూడా మరిచిపోయి నోరు చేత్తో మూసుకుంది.

గ్రిగోరియా కుర్చీలో కూలబడి ఏడ్చింది. కొంగులేని దేశం గనక బల్ల మీది తెల్లగుడ్డతోనే మొహం తుడుచుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆగస్టు తర్వాత మొగుడు తనతో ఆడిన మొదటి మాట, అదీ తన చేతి పనికి వంక. ఇంత సంతోషం ఆవిడకి పెళ్ళినాడు కూడా కలగలేదు.

ఆనక ముక్కు చీది లేచింది. సత్తు గ్లాసు కడిగింది, పాలు పోసింది. పాకం సీసా ఎత్తి, ఆయన వైపు చూస్తూ సన్నగా వంచింది. బొటనవేలు తట్టగానే ఆపేసింది. ముందు పోసినదాంట్లో సగం కూడా లేదు.

"ఇంత చాలా? అయితే ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నావయ్యా?" అని దెబ్బలాడి, మిక్సరు పెట్టి, గ్లాసులు మళ్ళీ వరసగా సర్దింది.

"నాకు వద్దు గ్రిగ్గీ, నీకు పుణ్యముంటుంది" అన్నాడు మెర్వ్ పొట్ట పట్టుకుని. "మొదటిదే ఇంకా గొంతు దిగలేదు."

"నోర్మూసుకుని పట్టు. నువ్వు తాగితేగానీ ఆయన తాగడు."

మెర్వ్ మీనాస్ వంక చూశాడు. మీనాస్ ఎడమచెయ్యి సత్తు గ్లాసు పక్కన ఆనించి, కౌంటరు వెనక నిలబడినట్టే ఎదురుచూస్తున్నాడు. మెర్వ్ కిరీటం నెత్తిన పెట్టుకుని, కుర్చీ ముందు వరసలోకి వచ్చి, గ్లాసు చాపాడు.